వీపు నడిమి పోరంబోకు

ఉలవలదిన్నె మండలం ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను బతకగలదా లేదా అన్నది తేల్చడానికి రాజధాని నుంచి ఒక సంఘం వస్తోందని తెలిసిన రోజున, ఆ మండలం పుట్టిన దగ్గర్నుంచీ ఎవరి సాయమూ లేకుండానే బతుకుతోందన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. వాన సాయం లేదు, కాలవ సాయం లేదు, సర్కారు సాయం మాట ఎత్తనే అక్కర్లేదు. ఉలవలు చల్లుకోవడం, మొలిస్తే కోసుకోవడం, మొలవకపోతే మళ్ళీ చల్లుకోవడం, ఇంతే వాళ్ళ వ్యవహారం. అయినా పరీక్ష అంటే పరీక్షే. నెగ్గితే 'స్వావలంబన జీవనానికి తగిన మండలం' అని ఊరి మొదట్లో బోర్డు పెడతారట. ఆ బోర్డు నీలం రంగులో ఉంటుందని కూడా తెలిసింది.

ఈ కబురుకి అందరికన్నా ఎక్కువ సంబరపడ్డవాడు మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు మాలకొండయ్య. అతనికి నిర్వచనాలంటే ప్రాణం. ఏ కాగితం ముందుకొచ్చినా 'ఇందులో ఈ మాటకు అర్థమేమి?' అని పక్కన ఎర్ర సిరాతో రాసి పైకి పంపేవాడు. పెళ్ళి సంబంధాలనూ అట్లాగే చూశాడు. చూసి వచ్చిన ప్రతి పిల్లనూ 'తదుపరి పరిశీలనార్థం' అని మనసులో ఒక మూల పెట్టేసేవాడు. ఆయన పరిశీలన పూర్తయ్యేలోపు ఆ పిల్లలకు పిల్లలు కూడా పుట్టారు. అట్లా నలభై దాటాయి.

చివరికి అతని మేనత్త చెంచమ్మ నడుం కట్టింది. డొంక దాటితే వచ్చే రేగులపాడులో వెంగమాంబ అని, మిషను కుట్టుకుని బతికే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. చుట్టుపక్కల ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళాలి. మాలకొండయ్య వెళ్ళి చూశాడు. ఆమె మిషను ఆపకుండానే అతన్ని చూసింది. చూసి, పళ్ళతో దారం తెంపి, "మీరు మడిసి బాగుండారు. కానీ ఆలోచించేదానికి పుట్టినట్టుండారు. మాఘమాసంలో ముహూర్తం ఉండాది. ఆ తర్వాత మూఢం. ముహూర్తం దాటిపొయ్యిందంటే ఇంక నాకోసరం చూడబాకండి" అంది. మాలకొండయ్యకు జీవితంలో మొదటిసారి ఏ మాటకూ అర్థం అడగాలనిపించలేదు. సరే అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టనంత సంతోషం వేసింది.

మరి, పెళ్ళి ఉన్న మాఘమాసంలోనే సంఘం కూడా దిగింది.

సంఘానికి అధ్యక్షులు పరాంకుశం గారు. రెవెన్యూలో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, అంటే విశ్రాంతి తీసుకోలేకపోతున్న మనిషి. తెల్లటి ఖద్దరు, భుజాన తెల్లటి తువ్వాలు. తన మడతకుర్చీ తానే మోసుకొచ్చారు. తన పళ్ళెం, తన గ్లాసు, తన చెంబు, తన దిండు అన్నీ వెంట తెచ్చుకున్నారు. అటెండరు సంచీ అందుకోబోతే, "వద్దు. నా బరువు ఇంకొకరి భుజాన పడిన నాడు నేను లేనట్లే" అన్నారు. ఆయన వచ్చిన కారును ఎవరు నడిపారన్నది మర్యాద కొద్దీ ఎవరూ అడగలేదు.

మొదటి సమావేశంలో ఆయన లేచి నిలబడి, "స్వావలంబన యనగానేమి?" అని సభను ప్రశ్నించారు.

ఎంపీడీవో హైమావతి గారు టీ కప్పు కింద పెట్టి, తల వంచుకున్నారు. మాలకొండయ్య మాత్రం ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు లేచాడు.

"బయటినుంచి ఏదీ రాకుండా బతకడం అండీ."

"బయట యనగా?"

"హద్దురాయికి అవతల అండీ."

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. "ఇన్ని మండలాలు తిరిగాను. ఇంత స్పష్టత ఎక్కడా చూడలేదు. ఈ కుర్రవాణ్ణి నాకివ్వండి" అన్నారు. నలభై దాటాక కుర్రవాడు అనిపించుకున్న మాలకొండయ్య ఆ ఊపులోనే సంఘానికి సమన్వయకర్త అయ్యాడు.

మర్నాడే హద్దురాళ్ళ దగ్గర వెదుళ్ళు అడ్డం కట్టారు. ఉప్పు బయటిది, ఆగింది. అగ్గిపెట్టెలు బయటివి, ఆగాయి. టీ పొడి కూడా బయటిదేనని తేలినప్పుడు హైమావతి గారు "అది ఆకే కదండీ" అని ఒక్కసారి వాదించబోయి, ఆకు ఏ హద్దు లోపల మొలిచిందని అడిగేసరికి కప్పు పక్కన పెట్టేశారు. అప్పట్నుంచి ఆఫీసులో టీకి బదులు ఉలవలు ఉడికించిన నీళ్ళు ఇచ్చారు. ఆవిడ అది తాగుతున్నప్పుడు అటెండరు అటు తిరిగి నిలబడేవాడు.

"అయ్యా, సంఘం కూడా బయటినుంచే వచ్చింది కదండీ. దాన్ని ఏ పద్దు కింద చూపమంటారు?" అని మాలకొండయ్య వినయంగా అడిగాడు.

"సంఘం వస్తువు కాదు. దృక్పథము" అన్నారు పరాంకుశం గారు.

అంతలో సర్పంచి తమ్ముడి పెళ్ళి వచ్చింది. పెళ్ళికూతురు కొండవతల మండలం పిల్ల. పెళ్ళివారి ట్రాక్టరు హద్దురాయి దగ్గర ఆగిపోయింది. సర్పంచి వచ్చి బతిమాలుకున్నాడు. మాలకొండయ్య ఎంతో మర్యాదగా, కోడలు అనేది శాశ్వత ప్రాతిపదికన జరిగే దిగుమతి అనీ, నిబంధనలు తన చేతిలో లేవనీ చెప్పాడు. తన పిల్ల మండలంలోదే కాబట్టి అతనికి లోలోపల గర్వంగానే ఉంది. ఇంటికొచ్చి అత్తకు చెప్పి నవ్వాడు కూడా.

చెంచమ్మ నవ్వలేదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అబ్బయ్యా. ఆ పెద్దమనిషి ఇయ్యాల ఉంటాడు, రేపు పోతాడు. నువ్వీడ్నే ఉండాల. పెళ్ళి చేసుకోబొయ్యేవాడివి, ఇంకొకరి పెళ్ళికి అడ్డం పడబాక" అంది.

"అది అడ్డం కాదత్తా, నిబంధన."

"వెదురుబొంగు కట్టినాక అది అడ్డం కాకుండా నిలువవుద్దా?" అని ఆవిడ లోపలికి పోయింది.

మండలం చుట్టూ హద్దు బిగిశాక పరాంకుశం గారు లోపలికి చూడడం మొదలుపెట్టారు. ఉలవలదిన్నె వాళ్ళు కుండలు రేగులపాడు నుంచి తెచ్చుకుంటున్నారనీ, రేగులపాడు వాళ్ళు ఎండుమిరపకాయలకి ఉలవలదిన్నె వస్తున్నారనీ కనిపెట్టారు. ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదు.

"మండలం స్వావలంబి. కాని గ్రామం? గ్రామం పరాధీనము. అవయవములు పరాధీనములైనప్పుడు దేహము స్వాధీనమెట్లగును? రాసుకోండి" అన్నారు.

మాలకొండయ్య రాసుకున్నాడు. రాసుకున్నది టైపు చేశాడు, తప్పులు దిద్దాడు, ముద్ర వేశాడు. అంతా అయ్యాక, అప్పుడు చదివాడు. ఏ ఊరికా ఊరు తన కాళ్ళ మీద తాను నిలబడవలెననీ, ఒక ఊరి నుంచి మరొక ఊరికి వస్తువులు గాని, పశువులు గాని, మనుషులు గాని శాశ్వతంగా తరలరాదనీ అందులో ఉంది. రేగులపాడు మరొక ఊరు.

పరిగెత్తినట్టే డొంక దగ్గరికి వెళ్ళాడు. అవతలి గట్టున వెంగమాంబ నిలబడి ఉంది. కబురు ఆమెకు ముందే అందింది.

"ఆ కాగితం మీద ముద్ర మీదేనంటగా?" అంది.

"ముద్ర ఆఫీసుదండీ. చెయ్యి నాది" అన్నాడు మాలకొండయ్య సిగ్గుపడుతూ.

"మా బాగుండాది. పెళ్ళికి పోతా పిల్లిని చంకన పెట్టుకున్నట్టుండాది మీ యవ్వారం. రేపు పొద్దున కదా ఈడ తాడు కట్టేది? ఇయ్యాలే నేను మీ ఊరొచ్చేస్తే?"

మాలకొండయ్యకు ఆ ఆలోచన రాలేదు. ఆమెకు వచ్చింది. పొద్దు వాలేలోపే మిషను ఎద్దులబండి మీద పెట్టించుకుని, గుడ్డలమూట ఒళ్ళో పెట్టుకుని, వెంగమాంబ ఉలవలదిన్నె వచ్చి చెంచమ్మ ఎదురింటి వసారాలో దిగింది. తెల్లారి తాడు కట్టేటప్పటికి ఆమె పూర్తిగా స్థానిక వనరు. మాలకొండయ్య ఆ రోజంతా ఆఫీసులో ఈల వేసుకుంటూ పనిచేశాడు. ముహూర్తం ఇంకెంతో దూరం లేదు, పెళ్ళికూతురు వీధికి అవతల ఉంది. ఇంక ఏ నిబంధన వచ్చి ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

నిబంధన రావడానికి ఒక పిల్లి చాలింది. చెంచమ్మ ఉట్టి మీది పెరుగంతా పిల్లి తాగిపోయింది. ఆవిడ గిన్నె పట్టుకుని, అలవాటు ప్రకారం, ఎదురింటికి బయల్దేరింది. సరిగ్గా అప్పుడే పరాంకుశం గారు వీధిలో మడతకుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"ఆ గిన్నె ఎక్కడికి?"

"ఎదురింటికి సామీ, తోడు కోసరం. ఇన్ని పాలు కాచి పెట్టుండాను, కాసింత పెరుగుచుక్క తెచ్చుకుంటే తోడేసుకుంటా."

"అనగా మీ ఇంటి పాలు పెరుగగుటకు వారి ఇంటి మీద ఆధారపడుచున్నవి."

"ఊళ్ళో అందరం అంతే సామీ. ఇయ్యాల నేను, రేపు ఆమె. తోడు లేకుండా పాలు యాడ తోడుకుంటాయి?"

పరాంకుశం గారు వేలు పైకెత్తారు. "మరి మొట్టమొదటి పెరుగు ఏ తోడుతో తోడుకొన్నది?"

చెంచమ్మ ఖాళీ గిన్నెలోకి ఒకసారి చూసింది. గిన్నె పట్టుకుని ఇంట్లోకి తిరిగిపోయింది. ఆ మధ్యాహ్నానికి ఏ ఇంటికా ఇల్లు స్వావలంబి కావలెనని ఉత్తర్వు వచ్చింది. తోడు తిరగడం ఆగిపోయాక ఊళ్ళో పాలన్నీ విరిగిపోయాయి గాని, ఎవరి పాలు వారివే విరిగాయి. అధ్యక్షులకు అది నచ్చింది.

మాలకొండయ్య వాకిట్లో నిలబడి ఎదురింటి వసారా వైపు చూశాడు. వెంగమాంబ మిషను చక్రం తిప్పుతూ ఇటు చూసింది. మధ్యన వీధి. ఎద్దులబండి ఒకటి పట్టే వీధి. అది దాటడానికి నిబంధన ఒప్పుకోదు.

కథ అక్కడ ఆగినా బాగుండేది. మాలకొండయ్య దిగులుతో కూర్చుంటే చెంచమ్మ జాలిపడి, గ్లాసులో ఉలవచారు పోసి చేతికిచ్చింది. గుమ్మంలో పరాంకుశం గారు ప్రత్యక్షమయ్యారు.

"ఇల్లు స్వావలంబి. కాని ఈ మనిషి?" అన్నారు, గ్లాసు వంక చూస్తూ. "ఈ గ్లాసు ఆవిడ ఇవ్వకున్న ఇతని గతి యేమి? మాలకొండయ్యా, మనం ఇప్పుడు మూలానికి వచ్చాము. మండలం లేదు, గ్రామం లేదు, ఇల్లు లేదు. ఉన్నది వ్యక్తి."

వ్యక్తి స్వావలంబన అమల్లోకి వచ్చాక ఉలవలదిన్నె చూడ్డానికి ముచ్చటగా తయారైంది. మగవాళ్ళందరూ తమ గడ్డాలు తామే గీసుకుని గడ్డం నిండా దూదిముక్కలు అంటించుకు తిరిగారు. మంగలి మస్తానయ్య కొట్టు తెరిచి, పొద్దుటినుంచి తన గడ్డమే తాను గీసుకుంటూ కూర్చున్నాడు. ఆడవాళ్ళ జడలు ఎడమ చెవి దగ్గర మొదలై కుడి భుజం మీద తేలాయి. వసారాలో కూర్చుని ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునే కాలక్షేపం పోయింది, పేలు మాత్రం ఉన్నాయి. బడిలో పాఠం చెప్పడం కూడా సాయమేనని తేలడంతో మాస్టర్లు తమకు తామే చదువుకుంటూ కూర్చున్నారు. పిల్లలు ఈ నిర్ణయాన్ని ఎక్కడా వ్యతిరేకించలేదు. ఎవరైనా టైమెంతయిందని అడిగితే చెప్పకూడదు, దారి అడిగితే చూపకూడదు. సలహా కూడా సహాయమేనని, పరాధీనతకు అది తొలిమెట్టని అధ్యక్షులు ప్రత్యేకంగా చెప్పారు. వెంగమాంబ మిషను మీద గుడ్డ కప్పేసింది. ఎవరి జాకెట్లు వాళ్ళే కుట్టుకోబోయి, ఊళ్ళో సగం మంది పైట నిండుగా కప్పుకుని తిరిగారు.

ముహూర్తం దగ్గరపడింది. మాలకొండయ్య ధైర్యం చేసి అర్జీ పెట్టుకున్నాడు. పరాంకుశం గారు అది రెండుసార్లు చదివారు.

"వివాహమనగానేమి, మాలకొండయ్యా? ఇద్దరు వ్యక్తులు మేము ఒకరి మీద ఒకరం ఆధారపడుచున్నామని పదిమంది ఎదుట ప్రకటించుట. సమన్వయకర్తవై ఉండి నువ్వే ఇట్లా అడగడం నాకు బాధ కలిగించింది."

"అధ్యక్షా, ముహూర్తం దాటిపోతే ఆవిడ..."

"అయినను సంఘము మానవత్వము లేనిది కాదు. అనుమతి ఇస్తున్నాను. షరతులు రాసుకో. వధువు తన మెడలో తాళి తానే కట్టుకొనవలెను. వరుడు తన తలంబ్రాలు తన తల మీదనే పోసుకొనవలెను. ఎవరి అక్షింతలు వారు, ఎవరి భోజనము వారు, పిదప ఎవరి ఇంటికి వారు. ముహూర్తమునకు నేనే వచ్చి పర్యవేక్షిస్తాను. తుది నివేదిక కూడా ఆ రోజే. ఈ వివాహము రాష్ట్రమునకే ఆదర్శము."

మాలకొండయ్య ఆ షరతులు వెంగమాంబకు వినిపించాడు. వీధికి ఇటు నిలబడి, గట్టిగా చదివాడు. ఆమె చివరిదాకా వింది.

"నా మెళ్ళో నేనే కట్టుకునేదానికి మీరెందుకండీ?" అంది నిదానంగా. "గొలుసు కావాలంటే కొట్లో కొనుక్కుంటా. ఇన్నేళ్ళూ నా గుడ్డ నేను కుట్టుకున్నా, నా కూడు నేను వండుకున్నా. ఒంటికి చేతగాక కాదు మిమ్మల్ని చేసుకుంటుండేది. జ్వరమొస్తే ఒక మడిసి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడని. అంతే."

మాలకొండయ్య షరతుల కాగితం మడిచాడు. "పరిశీలించి..." అన్నాడు, అలవాటు చొప్పున.

"పరిశీలించబాకండి. ముహూర్తానికి మీ చేత్తో కట్టండి. లేదంటే మిషను మళ్ళీ బండెక్కిస్తా. తాడుందో, తాళ్ళుండాయో, దాటుకుని మా ఊరు నేను పోతా."

ఇంట్లోకి వచ్చి కూలబడ్డ మేనల్లుణ్ణి చూసి చెంచమ్మ, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారురా. నువ్వు ఒక్కటన్నా ఆడగలవా అంటే, నీకు నిజం చెప్పేదానికే మూడు సంతకాలు కావాల" అని నిట్టూర్చింది. మాలకొండయ్య వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. షరతులు దాటితే సస్పెన్షను, దాటకపోతే వెంగమాంబ లేదు. తను పెట్టిన హద్దురాయి తిరిగి తిరిగి తన గుండెల మీదికే వచ్చిందని అతనికి ఏడుపొచ్చింది.

పెళ్ళిరోజు పొద్దున్నే పరాంకుశం గారు కొండవాలున స్థానిక వనరుల తుది తనిఖీకి బయల్దేరారు. వెనకాల మాలకొండయ్య, హైమావతి గారు, ఊరి పెద్దలు, పేడ ఎత్తుకోవడానికి తట్టతో వచ్చిన చెంచమ్మ నడుస్తున్నారు. దారి పక్కన కంచె మీద ఒక తీగ అల్లుకుని ఉంది. దానికి గుత్తులు గుత్తులుగా కాయలు, మఖమలు కప్పినట్టు బంగారు రంగు నూగుతో మెరుస్తున్నాయి. అది దూలగొండి అని ఉలవలదిన్నెలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆ నూగు ఒంటికి తగిలిందంటే మనిషి మనిషి కాడు.

"ఎంత సుందరమైన కాయ. దీనిని ఎందుకు వినియోగించుకొనలేదు?" అన్నారు పరాంకుశం గారు, చెయ్యి చాపుతూ.

మాలకొండయ్య నోరు తెరిచాడు. "అయ్యా, అది..."

"ఊహూఁ" అని అధ్యక్షులు వేలెత్తారు. "సలహా. సలహా యనగానేమి, మాలకొండయ్యా?"

"పరాధీనతకు తొలిమెట్టు అండీ" అని మాలకొండయ్య నోరు మూసుకున్నాడు. ఊరిపెద్దలు కూడా మూసుకున్నారు. వాళ్ళు నిబంధన పాటించినంత సంతోషంగా ఎవరూ ఎప్పుడూ పాటించి ఉండరు. పరాంకుశం గారు ఒక గుప్పెడు కాయలు కోసి, భుజం మీది తువ్వాలులో మూట కట్టుకున్నారు. చేతులకు కాస్త చిమచిమలాడినట్టుంది, ఎండ అనుకున్నారు. ఊళ్ళోకొచ్చి కాయలు బల్ల మీద పోసి, తువ్వాలు దులిపి, మెడా వీపూ శుభ్రంగా తుడుచుకుని, పందిట్లోకి వచ్చి కూర్చున్నారు.

పెళ్ళి మొదలైంది. పురోహితుడు ఒక మూల కూర్చుని తన కోసం తాను మంత్రాలు చదువుకుంటున్నాడు. మేళగాడు తన చెవులకు వినపడేంతగా వాయించుకుంటున్నాడు. పీట మీద వెంగమాంబ తాళి వంక చూడకుండా మాలకొండయ్య వంకే చూస్తోంది. మాలకొండయ్య చెమటలు కక్కుతున్నాడు.

పరాంకుశం గారు కుర్చీలో ఒకసారి కదిలారు. తర్వాత ఇంకోసారి కదిలారు. ఎడమచెయ్యి పైనుంచి, కుడిచెయ్యి కిందినుంచి వెనక్కి పోనిచ్చారు. రెండూ కలవలేదు. లేచి నిలబడ్డారు. "స్వావలంబన అనునది..." అని ఏదో చెప్పబోయి, మాట మధ్యలో వదిలేసి, పందిరి గుంజకు వీపు ఆనించి, పైకీ కిందికీ రుద్దుకోవడం మొదలుపెట్టారు. పందిరంతా ఊగింది. మామిడాకులు రాలిపడ్డాయి. పదిమందీ ఎవరి చేతులు వారు కట్టుకుని, ఎవరి చోట వారు కూర్చుని ఉన్నారు. ఆయన మొహం కందిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాలకొండయ్యకు అంత బాధలోనూ ఆయన్ని చూస్తే జాలేసింది.

చెంచమ్మ తట్టలోంచి పచ్చి ఆవుపేడ ముద్ద తీసుకుని ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "దూలగొండి నూగు సామీ. గోకితే ఎక్కువవుద్ది. పేడ పట్టించి తీస్తే నూగంతా దాంతో వచ్చేస్తది. నేను తాకితే సాయం కిందికొస్తదంటగా. నువ్వే చెప్పు. ఆగమంటే ఆగతా."

"ఆ... ఆగ... ఆగవద్దు తల్లీ" అన్నారు పరాంకుశం గారు.

ఆయన చొక్కా విప్పి, పిల్లవాడిలా వంగి నిలబడ్డారు. చెంచమ్మ వీపంతా పేడ పట్టించి, కాసేపాగి తీసేసి, నీళ్ళు పోసి, కొబ్బరినూనె రాసింది. ఆయన ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు. ఆ నిట్టూర్పు విని మేళగాడు కూడా వాయించడం ఆపేశాడు.

హైమావతి గారు ముక్కు మీది కళ్ళజోడు సర్దుకున్నారు. ఎన్నాళ్ళుగానో టీ లేని మనిషి. "అధ్యక్షా, ఒక వ్యక్తి తన వీపు విషయమై మరొక వ్యక్తి చేతి మీద ఆధారపడినట్టు తుది నివేదికలో చేర్చమంటారా? చేరిస్తే ఆ వ్యక్తి పేరు, హోదా కూడా రాయాల్సి వస్తుందండీ" అన్నారు.

పరాంకుశం గారు తువ్వాలు కోసం చెయ్యి చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు. నూనె కారుతున్న వీపుతో కాసేపు ఆలోచించారు. రెవెన్యూలో తల పండిన మనిషి, ఊరికే పోతుందా ఆ తెలివి.

"వీపు నడిభాగమును గురించి ఆలోచించండి" అన్నారు గంభీరంగా. "అది యజమానికి కనిపించదు. యజమాని చేతికి అందదు. ఎన్నడూ అతని అనుభవములో లేదు. అట్టి భూమిని ఏమందురు?"

"పోరంబోకు అండీ" అన్నాడు మాలకొండయ్య, తెలియకుండానే.

"పోరంబోకు. అది ఏ ఒక్కరి సొంతమూ కాదు, అందరిదీ. అక్కడ ఎవరు చెయ్యి వేసినా అది సహాయము కిందికి రాదు. రాసుకోండి."

ఒక మూలనుంచి పురోహితుడు, "ముహూర్తం దాటిపోతున్నదని నాకు నేనే చెప్పుకుంటున్నాను" అన్నాడు గట్టిగా.

మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. బుర్ర ఎన్నడూ లేనంత తేటగా ఉంది.

"అధ్యక్షా, మెడ వెనక భాగం కూడా యజమానికి కనిపించదండీ."

"కనిపించదు. కాని చెయ్యి అందుతుంది."

"అందుతుంది గాని అది వీపు పోరంబోకుని ఆనుకుని ఉందండీ. ఆ రెంటికీ మధ్యన హద్దురాయి లేదు. హద్దురాయి లేనప్పుడు ఎక్కడిదాకా సొంతం, ఎక్కడ్నుంచి పోరంబోకు అన్నది తేల్చడానికి వీల్లేదండీ."

వెంగమాంబ అటు తిరిగి, జడ పక్కకు తీసి, మెడ చూపించింది. పరాంకుశం గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. హద్దురాయి లేదు.

"లేదు. నిజమే" అని ఒప్పుకున్నారు. "కాని ఒక వ్యక్తి శాశ్వతముగా అక్కడ ముడి వేసినచో అది ఆక్రమణ కాదా?"

"అందుకే అడుగుతున్నానండీ" అన్నాడు మాలకొండయ్య. "ఆ కాస్త చోటికి నా పేరున పట్టా ఇప్పించండి. శిస్తు కడతాను. బతికినంతకాలం కడతాను."

పరాంకుశం గారు అతన్ని చూశారు, ఆమెను చూశారు. చెంచమ్మ చేతికంటిన నూనె చూశారు.

"ఇవ్వడమైనది" అన్నారు.

"పట్టా సంగతి తర్వాత చూసుకుందాం, ముందు కట్టండి" అంది వెంగమాంబ. మాలకొండయ్య కట్టాడు. మూడు ముళ్ళూ తన చేత్తోనే వేశాడు, ఒక్కదానికీ అర్థం అడక్కుండా. పురోహితుడు అందరి కోసం గొంతెత్తాడు. మేళం ఊరంతా వినపడేట్టు మోగింది. ఎవరి తల మీద ఎవరు అక్షింతలు వేస్తున్నారో లెక్కలేకుండా పడ్డాయి. ఎవరో పరిగెత్తి డొంక దగ్గర తాడు విప్పారు. ఇంకెవరో హద్దురాయి దగ్గర వెదుళ్ళు పీకేశారు. సర్పంచి తమ్ముడు ట్రాక్టరు తీసుకుని కొండవతలికి పోయాడు.

తుది నివేదికలో ఉలవలదిన్నె మండలం స్వావలంబన జీవనానికి నూటికి నూరుపాళ్ళు తగినదని, అయితే అందులోని ప్రతి మనిషిలోనూ ఇతరుల స్వాధీనంలో ఉండే కొంత భూమి ఉన్నదని రాశారు. నీలం బోర్డు వచ్చింది. దాన్ని రెండువైపులా చెరొకరు పట్టుకుని పాతారు.

భోజనాలయ్యాక కారు వచ్చి ఆగింది. పరాంకుశం గారు మడతకుర్చీ పట్టుకుని కారు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, చెంచమ్మ ముందు నిలబడి, కాస్త అటు తిరిగారు.

"ఇంకా ఏమన్నా నూగు ఉందేమో. ఒకసారి చూస్తారా?"

చెంచమ్మ చూసింది. నూగూ లేదు, దద్దురూ లేదు. లేదు సామీ అనబోయి, ఆగి, "ఉండాది, ఈడ కాస్త ఉండాది" అని చేత్తో మెల్లగా నిమిరింది. ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

గుమ్మంలోంచి వెంగమాంబ అదంతా చూసింది. "ఆయనకి ఇంట్లో ఎవరూ లేరా అండీ?" అని మొగుణ్ణి అడిగింది.

"లేరు" అన్నాడు మాలకొండయ్య. "ఆయన పూర్తిగా స్వావలంబి."

వెంగమాంబ చెంగు నడుముకు దోపింది. లోపలికి పోయి, పెళ్ళిలడ్లూ అరిసెలూ ఒక విస్తట్లో పెట్టి మూటకట్టి, తనే తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టింది. పరాంకుశం గారు కుర్చీ కింద పెట్టి రెండు చేతులా అందుకున్నారు. అది ఏ పద్దు కింద చూపాలో అడగలేదు.